సీసం బరువు మోసిన ఇళ్ళు: విజయనగరం, శ్రీకాకుళం అచ్చాఫీసుల కట్టడం

పత్రిక కోసమే అని ప్లాను గీయించి కట్టిన బిల్డింగు చిన్న ఊళ్ళలో దొరకడం చాలా కష్టం. విజయనగరం అయినా శ్రీకాకుళం అయినా అంతే. ముందు ఒక ఇల్లు ఉంటుంది, లేదా ధాన్యం కొట్టు ఉంటుంది, లేదా ఏ ప్లీడరు గారో కట్టుకున్న మేడ ఉంటుంది, దాంట్లోకి ఒక రోజు బండి మీద మెషీను దిగుతుంది, ఆ రోజు నుంచి వీధిలో జనం దాన్ని అచ్చాఫీసు అనడం మొదలెడతారు, ఇక తర్వాత ఆ ఇంటికి పాత పేరు ఉండదు. అందుకే ఇలాంటి బిల్డింగు ముందు నిలబడి ఆర్చీలు, స్తంభాలు, పిట్టగోడ మీద సున్నంతో చేసిన పూలూ సింహాలూ చూసి ఆహా అనుకుంటే అసలు విషయం జారిపోతుంది. ఆర్చీలు ఇంటివి, పత్రికవి కావు. పత్రిక ఆ ఇంటిని ఎలా కోసి కుట్టుకుందో తెలియాలంటే చూపు నేల మీదకి దించాలి, తర్వాత కిటికీలు ఏ వైపు ఉన్నాయో చూడాలి, తర్వాత కాగితం ఎక్కడ పెట్టారో అడగాలి.

విజయనగరం సంగతి ముందు చెప్పుకోవాలి ఎందుకంటే ఇక్కడ అచ్చుకి రాజుల కాలం నుంచీ ఒక చరిత్ర ఉంది. 1713లో కోట కట్టారు, 1857లో మహారాజా వారి స్కూలు పెట్టారు, అది 1879కి కాలేజీ అయింది. చదువుకున్నవాళ్ళు, కోర్టు పనిచేసేవాళ్ళు, సంస్థానం కాగితాలు నడిపేవాళ్ళు ఒకే ఊళ్ళో పోగయ్యారు. 1883 నాటికే ఇక్కడ ఇండియన్ లీజర్ అవర్ అనే ఇంగ్లీషు పత్రిక నడిచేది, గుండుకుర్తి వెంకటరమణయ్య దాని సంపాదకుడు, అప్పటికి ఇరవయ్యో ఇరవైఒకటో ఏళ్ళున్న గురజాడ అప్పారావు సారంగధర అనే ఇంగ్లీషు కావ్యం అందులోనే వచ్చింది. అది కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ కంటపడింది, ఆయన దాన్ని మళ్ళీ వేసుకున్నాడు. ఈ ఊళ్ళో అచ్చయిన ముక్క కలకత్తా దాకా ప్రయాణం చేసిందంటే ఆ రోజుల్లో పోస్టాఫీసూ అచ్చూ ఎంత అల్లుకుని ఉండేవో అర్థమవుతుంది.

ఇంకో విచిత్రం. జర్మన్ పండితుడు మాక్స్ ముల్లర్ రుగ్వేదం రెండో ముద్రణ 1890 నుంచి 1892 మధ్య ఇంగ్లండులో అచ్చవుతుంటే ఖర్చు పెట్టుకున్నది విజయనగరం మహారాజు ఆనంద గజపతి. అదే రాజుకి గురజాడ 1897లో కన్యాశుల్కం అంకితం ఇచ్చాడు. సముద్రాలు దాటి అచ్చుకి డబ్బు పెట్టిన ఊరు ఇది. కానీ రాతితో, పొడుగ్గా, పదికాలాల పాటు నిలబడేలా కట్టింది దేన్నంటే 1885లో గంటస్తంభాన్ని, అలాగే కోటనీ కాలేజీనీ. అచ్చాఫీసుకి రాతి గోడలు దక్కలేదు. రాజు డబ్బు పుస్తకానికి వెళ్ళింది గానీ మెషీను నిలబడే గదికి రాలేదు, అదే తేడా.

శ్రీకాకుళం దారి వేరు. ఇంగ్లీషు వాళ్ళ రాతల్లో చికాకోల్ అని ఉండే ఈ ఊరు నాగావళి ఒడ్డున ఉంది, సన్నటి బట్టకి పేరు పడింది, కానీ రైలు ఊళ్ళోకి రాలేదు. స్టేషను ఆమదాలవలసలో ఉంది, శ్రీకాకుళం రోడ్ అని బోర్డు పెట్టారు, ఊరికి పదమూడు కిలోమీటర్లు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పత్రిక నడిపేవాడికి ఇదే పెద్ద తలనొప్పి, ఎందుకంటే కాగితం రీములు, ఇంకు డబ్బాలు, ఫౌండ్రీ నుంచి వచ్చే టైపు పెట్టెలు అన్నీ అక్కడ దిగి మళ్ళీ బండెక్కాలి. పైగా పాలన పరంగా కూడా ఈ ఊరు అటూ ఇటూ తిరిగింది. 1936లో ఒరిస్సా ఏర్పడే దాకా గంజాం జిల్లాలో ఉంది, తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950 ఆగస్టు 15న సొంత జిల్లా అయింది. విజయనగరానికి జిల్లా హోదా ఇంకా ఆలస్యం, 1979 జూన్ 1. జిల్లా అవడానికీ బిల్డింగుకీ ఏం సంబంధం అనిపించొచ్చు. కలెక్టరాఫీసు వస్తే టెండరు నోటీసులు వస్తాయి, జిల్లా కోర్టు వస్తే వేలం నోటీసులు వస్తాయి, చిన్న పత్రికకి చందాల కంటే ఇవే తిండి పెట్టేవి. అచ్చాఫీసులు ఎక్కువగా కోర్టు, పోస్టాఫీసు, బస్టాండు ఈ మూడింటి మధ్య నడిచి వెళ్ళగలిగే దూరంలో ఎందుకు ఉంటాయో దీన్ని బట్టి తెలుస్తుంది. కోర్టు గుమాస్తా కాగితం చేతిలో పట్టుకుని ఎండలో ఎంత దూరం నడుస్తాడు అనేదే అసలు కొలత అన్నమాట.

ఇక చట్టం. బిల్డింగు గురించి మాట్లాడుతూ చట్టం ఏంటి అనుకోవద్దు, చిన్న ఊరి పత్రిక ఒకే ఇంటిని ఏళ్ళ తరబడి పట్టుకుని వేలాడడానికి సగం కారణం చట్టమే. 1867లో ప్రెస్సుల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి పత్రిక మీదా ఎవరు అచ్చేశారు, ఎక్కడ అచ్చేశారు అని వేయాలి, ప్రింటరూ పబ్లిషరూ మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వాలి, అచ్చేసే చోటు మారిందంటే మళ్ళీ కొత్త డిక్లరేషన్, ముప్పై రోజుల లోపు మార్పు అయితే కొంచెం వెసులుబాటు ఉండేది. ఆఖరి పేజీ అడుగున చిన్న అక్షరాలతో కనపడే ఆ ఒక్క లైను, ఫలానా వీధిలోని ఫలానా ప్రెస్సులో ముద్రించి అనే లైను, ఆ ఇంటికి ఒక రకం పట్టా లాంటిది. అద్దె పెరిగిందనో వాన కారుతోందనో ఇల్లు మారాలంటే మెషీను విప్పాలి, టైపు మొయ్యాలి, దానికి తోడు మేజిస్ట్రేటు ఆఫీసు చుట్టూ తిరగాలి. దాని బదులు కారే చోట బకెట్టు పెట్టుకోవడం తేలిక కదా.

దీనికి తిరుగు వైపు కూడా ఉంది. 1910 ప్రెస్ చట్టం కొత్తగా ప్రెస్సు పెట్టేవాడి దగ్గర 500 నుంచి 2000 రూపాయల దాకా సెక్యూరిటీ డిపాజిట్ కట్టించుకునే అధికారం ఇచ్చింది, సర్కారుకి నచ్చనిది అచ్చేస్తే ఆ డబ్బు పోతుంది, మళ్ళీ అదే పని చేస్తే మెషీనుకే ఎసరు. ఆ చట్టం 1922లో పోయింది కానీ ఆ పన్నెండేళ్ళలో ప్రెస్సు ఓనర్లకి పట్టిన భయం మాత్రం అంత త్వరగా పోయి ఉండదు. ఎప్పుడు పట్టుకుపోతారో తెలియని మెషీను కోసం ఎవడైనా బంగళా కడతాడా. గోడలు ఇంటివే ఉంచి లోపల మాత్రమే మార్చుకోవడం అనేది డబ్బు లేక కొంత, తెలివిగా కొంత జరిగిందని అనుకోవచ్చు.

సరే, ఇంటి లోపలికి వెళ్దాం. ఉత్తరాంధ్రలో పాత వీధి ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉంటాయి, పక్క గోడ ఇద్దరిదీ. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. వీధిలో అరుగు, తర్వాత వీధి గది, దాని వెనక నడవ, రెండు మూడు గదులు, వెనక వసారా, పెరడు, నుయ్యి, చాలా ఇళ్ళకి పెరటి వైపు ఒక సందు. ఈ రైలుపెట్టె లాంటి ప్లాను కాపురానికి కొంచెం చీకటిగా ఇబ్బందిగా ఉంటుంది గానీ అచ్చు పనికి మాత్రం చక్కగా సరిపోయింది. కాగితం ముక్క మీద రాసిన వార్త, ప్రకటన, పెళ్ళి శుభలేఖ మేటరు అన్నీ అరుగు మీదుగా వీధి గదిలోకి వస్తాయి, అక్కడ మేనేజరు బల్ల. తర్వాత గది సంపాదకుడిది, చాలా చోట్ల మేనేజరూ సంపాదకుడూ ప్రూఫ్ రీడరూ ఒక్కడే కాబట్టి ఈ గది పేరుకే. తర్వాత కంపోజింగు, అంటే సీసం అక్షరాలు ఏరి లైన్లుగా పేర్చే గది. తర్వాత మెషీను. చివర వసారాలో మడతపెట్టి, చుట్టి, అడ్రసు చీటీలు అంటించి, సందు గుండా సైకిలెక్కించి పోస్టాఫీసుకో బస్టాండుకో పంపేస్తారు. అంటే వార్త ముందు గుమ్మంలోంచి వెళ్ళి పేపరై వెనక గుమ్మంలోంచి బయటపడుతుంది. సందు లేని ఇళ్ళలో మాత్రం కట్టలన్నీ మళ్ళీ సంపాదకుడి కుర్చీ పక్కనుంచే బయటికి రావాలి, అలాంటి ఇళ్ళలో నడవ గోడలకి నడుము ఎత్తులో నల్లటి గీత ఉంటుంది, తడి ఇంకు కట్టలు రాసుకున్న గుర్తు.

అన్నిట్లోకీ కష్టమైన గది కంపోజింగుది. ఇంగ్లీషు అక్షరాలకి రెండు కేసులు, అంటే గడులున్న చెక్క పెట్టెలు, చాలు, పైన కేపిటల్స్ కింద స్మాల్స్. తెలుగుకి అలా కుదరదు. క నుంచి కౌ దాకా గుణింతాలు, వాటికి తోడు వత్తులు, సున్నాలు, అంకెలు, అన్నీ విడివిడి సీసం ముక్కలు, కొన్ని కలిపి పోత పోసినవి, మొత్తం వందల్లో తేలతాయి. ఒక్కో ముక్కకీ కేసులో ఒక్కో గడి ఉండాలి. కంపోజిటరు నిలబడి చెయ్యి చాచితే అన్ని గడులూ అందాలి, అందుకని కేసులు ఎదురుగా కొన్ని, పక్కల కొన్ని పెట్టి మనిషి చుట్టూ ఒక చిన్న గూడులా కడతారు. అలాంటి గూళ్ళు మూడు పెట్టాలంటే ఇంటి గది చాలదు, మధ్య గోడ పడగొట్టాల్సిందే. పాత అచ్చాఫీసుల్లో నడి గదికి అడ్డంగా పైన ఒక పెద్ద దూలం, కింద గోడ లేకుండా కనిపిస్తే అది కంపోజింగు కోసం కొట్టేసిన గోడ అయ్యుంటుంది. వత్తుల వల్ల ఇంకో తిప్ప కూడా ఉంది, అవి లైను కిందకి దిగుతాయి కాబట్టి లైనుకీ లైనుకీ మధ్య ఎడం ఎక్కువ కావాలి, దాంతో అదే సైజు పేజీలో ఇంగ్లీషు కంటే తక్కువ మేటరు పడుతుంది. తెలుగు పత్రికకి కాగితమూ ఎక్కువే, చోటూ ఎక్కువే.

ఈ ఊళ్ళకి ఇంకో సంబంధం కూడా ఉంది ఇక్కడ. గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు, గురజాడతో కలిసి విజయనగరంలోనే చదువుకున్నాడు. మాట్లాడే తెలుగు రాయాలని వీళ్ళు పట్టుబట్టినప్పుడు దాని మంచిచెడ్డలు పండితులు తేల్చుకున్నారు గానీ కంపోజిటర్లని ఎవరూ అడిగినట్టు లేదు. అడిగితే, గ్రాంథికం సమాసాల్లో అరుదుగా వచ్చే జంట వత్తుల గడి ఎప్పుడు ఖాళీ అయిపోతుందో, పని ఎప్పుడు ఆగిపోతుందో వాళ్ళు చెప్పేవాళ్ళేమో. ఇది ఊహే, పోనిద్దాం.

వెలుతురు సంగతి. సీసం ముక్క మీద అక్షరం తిరగబడి ఉంటుంది, బ కి శ కి, ప కి వ కి తేడా తెలియాలంటే వెలుతురు సూటిగా కాకుండా పక్కనుంచి పడాలి, ఎండ నేరుగా పడితే లోహం మెరిసి కళ్ళు చెదురుతాయి. ఉత్తరం వైపు కిటికీ ఉంటే అదృష్టం. కానీ ఆనుకుని ఉన్న ఇళ్ళలో పక్క కిటికీ ఎక్కడిది, పక్క గోడ పక్కింటివాడిది కదా. అందుకని వెలుతురుని పైనుంచి దించారు. మంగుళూరు పెంకు కప్పులో అక్కడక్కడ గాజు పెంకులు వేయడం అప్పటికే ఇళ్ళలో అలవాటు, వంటింట్లో ఒకటీ నడవలో ఒకటీ వేసేవాళ్ళు, అచ్చాఫీసులో అవే నాలుగు, ఆరు, ఎనిమిది అయ్యాయి, అదీ కప్పు ఉత్తరం వాలు మీద. ఈ పెంకుల్ని బాసెల్ మిషను అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు మంగుళూరులో 1865లో చెయ్యడం మొదలెట్టారు, తర్వాత తీరం పొడుగునా పాకాయి, నాటు పెంకుతో పోలిస్తే తేలిక, కోతులు నడిచినా అంతగా చెదరవు. బయటనుంచి చూసి ఏ ఇల్లు అచ్చాఫీసుగా ఉండేదో చెప్పాలంటే కప్పు మీద గాజు పెంకులు లెక్కపెట్టడం మంచి పద్ధతి. కాపురం ఉన్న ఇంటికి ఆరు గాజు పెంకులు అక్కర్లేదు, మధ్యాహ్నం ఉడికిపోతారు.

బరువు గురించి లెక్క వేస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. టైపు లోహం సీసం, యాంటిమొనీ, తగరం కలిపింది, నీటికి దాదాపు పది రెట్లు బరువు. అక్షరం ఉన్న సీసం ముక్క నిలువు ఎత్తు 0.918 అంగుళం. డెమ్మీ కాగితం పదిహేడున్నర ఇంటూ ఇరవై రెండున్నర అంగుళాలు, దాన్ని సగానికి మడిస్తే ఒక పేజీ, ఆ పేజీ నిండా టైపు పేరిస్తే పాతిక ముప్పై కిలోలు. నాలుగు పేజీల పత్రికకి వందకి పైన, అచ్చయ్యాక ఇంకా విప్పి గడుల్లో వెయ్యకుండా కట్టలు కట్టి ఉంచిన పాత మేటరు, కేసుల్లో ఉన్న టైపు కలిపితే ఒక చిన్న ప్రెస్సులో కూడా టన్నుల్లోకి వెళ్తుంది. ఇంత బరువు మేడ మీదకి ఎక్కించరు. ఊళ్ళో మేడ ఉన్న అచ్చాఫీసుల్లో పైన ఎప్పుడూ ఓనరు కాపురమో, కాగితం కొట్టో, బయటూరి విలేకరి పడుకునే గదో ఉంటుంది, టైపు మాత్రం నేల మీదే.

మెషీను వచ్చేసరికి బరువుతో పాటు అదురు కూడా వస్తుంది. ట్రెడిల్ అయితే కాలితో తొక్కేది, గంటకి వెయ్యి దాకా కొట్టొచ్చు, పెద్ద చక్రం తిరుగుతుంది కానీ నేల గట్టిగా ఉంటే చాలు. సిలిండరు మెషీను అలా కాదు, బల్ల ముందుకీ వెనక్కీ పరిగెడుతూ ఉంటుంది, అటు చివర ఆగి ఇటు తిరిగినప్పుడల్లా గోడకి తగులుతుంది దెబ్బ. పక్క గోడ పక్కింటిది అని ముందే అనుకున్నాం. అందుకని నేల తవ్వి నల్లరాళ్ళు పేర్చి, సున్నం కాంక్రీటు పోసి, ఆ దిమ్మకీ గోడ పునాదికీ మధ్య జానెడో మూరెడో ఖాళీ వదిలి దాన్ని ఇసకతో నింపేవాళ్ళు. అదురు ఇసకలో చచ్చిపోతుంది. పైన గచ్చు చేసేశాక ఇవేమీ కనపడవు, కానీ నేల మీద నాలుగు బోల్టు కన్నాలు, వాటి మధ్య నూనె తాగి నల్లబడ్డ చోటు మిగిలిపోతాయి, ఎన్నిసార్లు కడిగినా ఎన్ని టైల్సు వేసినా జాయింట్లలోంచి నల్లగా పైకొస్తుంది. మెషీను గది పెరటి వైపుకి జరగడానికి కూడా చప్పుడే కారణం, వారపత్రిక అయితే వారానికి ఒక రాత్రి, పండగలకీ ఎన్నికలకీ అన్ని రాత్రులూ.

ఎన్నికలంటే గుర్తొచ్చింది. పత్రిక ఒక్కటే అచ్చేసి బతికిన ప్రెస్సు చిన్న ఊళ్ళో ఉండదు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, సినిమా కరపత్రాలు, వాల్‌పోస్టర్లు, వీటిని జాబ్ వర్క్ అంటారు, ఇవి పత్రికని పోషిస్తాయి. ఎన్నికల కరపత్రం మీద అచ్చేసినవాడి పేరూ అడ్రసూ ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఏ సెక్షను చెప్తుంది, అంటే ఇక్కడ కూడా ఇంటి అడ్రసు వీధి గోడలన్నిటి మీదకీ ఎక్కుతుంది. విజయనగరంలో ఇంకో సీజను సిరిమాను. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, దానికి ముందు కరపత్రాలు, శుభాకాంక్షల ప్రకటనలు, ప్రత్యేక సంచికలు. సరిగ్గా అదే అక్టోబరు, అదే తుఫాన్ల కాలం. అచ్చాఫీసుకి పని ఎక్కువ ఉన్నప్పుడే కాగితానికి తడి ఎక్కువ.

కాగితం గాలిలో తడి పీల్చి సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, సాగిన కాగితం మెషీనులో మడతపడుతుంది, రెండు రంగులు వేస్తే ఒకదాని మీద ఒకటి కూర్చోదు. తీరం దగ్గర ఊళ్ళకి ఇది తప్పని బాధ. కాబట్టి కాగితం గది ఇంటి మధ్యలో ఉంటుంది, బయటి గోడ ఏదీ తగలకుండా, కిటికీ లేకుండా, పాత ఇంట్లో అది ధాన్యం గదో దేవుడి గదో అయ్యుంటుంది. నేల మీద చెక్క బల్లలు వేసి వాటి మీద రీములు, గోడకి చెయ్యి దూరేంత ఎడం, చెదలు రాకుండా బల్ల కాళ్ళకి తారు. తాళం కూడా గట్టిది. న్యూస్‌ప్రింట్, అంటే పత్రికలకి వాడే కాగితం, చాలా ఏళ్ళు సర్కారు కోటా మీద వచ్చేది, 1962లో కంట్రోల్ ఆర్డరు వచ్చింది, 1990ల మధ్య దాకా ఏదో ఒక రూపంలో నడిచింది, కోటా కాగితం బయట అమ్ముకుంటే పత్రిక కంటే లాభం అన్న రోజులు ఉండేవి, చాలా పత్రికలు కాగితం కోసమే పుట్టాయన్న మాట కూడా ఉండేది. శ్రీకాకుళంలో స్టేషను దూరం కాబట్టి ఒకేసారి ఎక్కువ తెచ్చిపెట్టుకోవడం మేలు, వానాకాలం నాగావళి పొంగి రోడ్డు ఆగిందంటే వారం సంచిక ఆగుతుంది, అందుకని అక్కడ కాగితం గది పెద్దదిగా, నేలకి రెండు మెట్లు ఎత్తులో ఉండడం వెనక లెక్క ఉంది.

కప్పుల గురించి రెండు ముక్కలు. కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళకి మద్రాస్ టెర్రస్ ఉండేది. ఏజెన్సీ నుంచి దిగిన టేకు, గుగ్గిలం దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా దంతెలు, వాటి మీద సన్నటి ఇటుకల్ని నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, గానుగలో తిప్పిన సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి పోసేవాళ్ళు. సున్నం కొంచెం కదులుతుంది, మెషీను అదురుకి సిమెంటు స్లాబులాగా నిలువునా చీలదు, సన్నగా నెర్రెలిచ్చి ఊరుకుంటుంది. అదే గదికి తర్వాత సిమెంటు పూత పూస్తే లోపల తడి బయటికి పోవడానికి దారి లేక దూలాల చివరలు పుచ్చిపోతాయి, బాగుచేయించామని అనుకున్న చాలా బిల్డింగులు అలాగే కూలాయి. పెంకు కప్పులకైతే తుఫాన్లే శత్రువు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఈ రెండూ ఎన్ని పెంకులు ఎగరగొట్టాయో ఉత్తరాంధ్రలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎగిరిన చోట మళ్ళీ పెంకు దొరకదు, దొరికినా నేసేవాడు దొరకడు, రేకు వేస్తారు. రేకు వేసిన రోజు గాజు పెంకుల వెలుతురు పోతుంది, కంపోజింగు గది మామూలు చీకటి గది అయిపోతుంది.

ముందు భాగం మాత్రం జనం కోసం. అరుగు మీద ఉచితంగా పేపరు చదివేవాళ్ళు, గుమ్మం పక్కన నల్లబల్ల. టీవీలు రాకముందు ఎన్నికల లెక్కింపు రోజు ఆ బల్ల మీద సుద్దముక్కతో రౌండు రౌండుకీ ఓట్లు రాస్తుంటే వీధి నిండిపోయేది, సైకిళ్ళు ఆగిపోయేవి. పైన పిట్టగోడ మధ్యలో త్రికోణంలోనో అర్ధచంద్రంలోనో ఒక సంవత్సరం ఉంటుంది. ఈ సంవత్సరం దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. అది ఇల్లు కట్టిన సంవత్సరం. పత్రిక వయసు తెలియాలంటే మొదటి పేజీలో సంపుటి నంబరు చూడాలి, సంపుటి 37 అంటే ముప్పై ఆరేళ్ళ కిందట మొదలైందని, అదీ మధ్యలో ఆగకుండా నడిస్తేనే. ప్రెస్సు వయసు ఇంకోటి, అది ఆఖరి పేజీ అడుగున లైను ఎప్పుడు మారిందో పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది. ఇల్లు ఒక వయసు, పత్రిక ఒక వయసు, మెషీను ఇంకో వయసు. మూడింటినీ కలిపేసి వందేళ్ళ పత్రిక భవనం అని రాసేస్తే వినడానికి బాగుంటుంది, అంతవరకే.

మార్పు ఎలా వచ్చిందంటే, ముందు బయటి నుంచి వచ్చింది. విజయవాడ నుంచి శ్రీకాకుళం దాదాపు నాలుగు వందల యాభై కిలోమీటర్లు, అక్కడ అచ్చయిన దినపత్రిక ఇక్కడికి చేరేసరికి వార్త చల్లారేది, ఆ ఖాళీలోనే ఊరి వారపత్రికలు బతికాయి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది, విజయనగరానికి అరవై కిలోమీటర్లు, పొద్దున్నే కాఫీ టైముకి పేపరు గుమ్మంలో పడింది. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాయి, మన మండలం వార్త, మన వీధి కుళాయి వార్త పెద్ద పేపర్లోనే దొరికింది. ఊరి పత్రిక చేతిలో ఉన్న ఒక్క సరుకూ పోయింది. అప్పటి నుంచి విజయనగరంలో పత్రికాఫీసు అంటే మెషీను లేని ఆఫీసు, మెయిన్ రోడ్డు మీద ఏదో ఫస్ట్ ఫ్లోరు అద్దెకి తీసుకుని, రెండు బల్లలు, ఒక ఫోను, సాయంత్రం బస్సుకి వేసే వార్తల కవరు. దానికి నేల గట్టిగా ఉండక్కర్లేదు, ఉత్తరం కిటికీ అక్కర్లేదు, సందు అక్కర్లేదు. బిల్డింగుతో పత్రికకి సంబంధం తెగింది అక్కడే, కంప్యూటరు దగ్గర కాదు.

కంప్యూటరు తర్వాత వచ్చి మిగతా పని చేసింది. 1990ల్లో డీటీపీ, అంటే కంప్యూటరు మీదే పేజీ పేర్చడం, దానికి పేజ్‌మేకరు, అను ఫాంట్లు, ఒక ఏసీ గది. మూడు కంపోజింగు గూళ్ళు, నలుగురు మనుషులు, ఆరు గాజు పెంకులు చేసిన పని ఒక బల్ల మీద, అదీ వెలుతురు పడకుండా కర్టెన్ వేసుకుని. ఎప్పుడూ వెలుతురు కోసం ఏడ్చిన గది చీకటి కోరుకోవడం తమాషాగా ఉంటుంది. సీసం టైపు లేకుండా పల్చటి ప్లేటుతో అచ్చేసే మినీ ఆఫ్‌సెట్ మెషీను వచ్చాక దిమ్మ కూడా అక్కర్లేకపోయింది. టైపు అంతా కిలోల లెక్కన పాత సీసం కొనేవాళ్ళకి వెళ్ళింది, చెక్క కేసులు కొన్ని ఇళ్ళలో మేకులూ సీలలూ పెట్టుకునే అరలయ్యాయి, గడి గడికీ చోటు ఉంది కదా. ఒకేసారి గది తర్వాత గది ఖాళీ అయిపోయింది, ముందు కంపోజింగు, తర్వాత మెషీను, ఆఖరికి కాగితం గది.

తర్వాత జరిగేది ఏ ఊళ్ళో అయినా ఒకటే. రోడ్డు వెడల్పు చేస్తే అరుగు పోతుంది, అరుగుతో పాటు ముఖం పోతుంది. అన్నదమ్ములు పంచుకుంటే పొడుగాటి ఇల్లు అడ్డంగా తెగుతుంది, ముందు ముక్కలో సెల్‌ఫోన్ షాపు, వెనక ముక్కకి సందులోంచే దారి. 2024 మార్చి 1 నుంచి 1867 చట్టం పోయి 2023 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం అమల్లోకొచ్చింది, వ్యవహారం ఆన్‌లైన్లో నడుస్తుంది, మేజిస్ట్రేటు ముందు నిలబడి ఈ ఇంట్లో అచ్చేస్తున్నాం అని చెప్పే పని తీరిపోయింది. ఇంటిని పత్రికకి కట్టేసిన ఆఖరి తాడు అది.

కాపాడాలంటే ఏది కాపాడాలి అనే దగ్గర గొడవ వస్తుంది. వారసత్వ కట్టడం అంటే విజయనగరంలో కోట, గంటస్తంభం గుర్తొస్తాయి, న్యాయమే, మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో తీసేసినప్పుడు ఊరంతా గోల చేసింది కూడా. అచ్చాఫీసుకి అంత అందం లేదు. ముఖం తీసేసి, పేరు తీసేసి, టైల్సు వేసేశాక అందులో అచ్చాఫీసు అనదగ్గది ఏం మిగులుతుందంటే నడి గదిలో గోడ లేకుండా మోస్తున్న ఆ పెద్ద దూలం, ఉత్తరం వాలు మీద ఒకటో రెండో గాజు పెంకులు, మెషీను గదిలో బోల్టు కన్నాలు. వీటికి ఫొటో తీసి, టేపుతో కొలిచి, ఆఖరి పేజీల లైన్లతో పోల్చి రాసిపెట్టడానికి పెద్ద నిధులేం అక్కర్లేదు, రెండు మూడు ఆదివారాలు చాలు, దూలం అమ్మేయకముందు వెళ్తే. పాత టేకు రేటు బాగానే పలుకుతోంది మరి.